లితో కిట్ కొంటున్నారా? ముందు ఈ సంగతి చదవండి

హనుమకొండలో పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు చెప్తాను. దసరా సెలవుల్లో వాళ్లతో ప్రింట్లు తీయిద్దామని ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి ‘కిచెన్ లితో కిట్’ (వంటింటి సామాన్లతో లితోగ్రఫీ ప్రింట్లు తీసే కిట్) తెప్పించాను. ‘విషం లేదు, పిల్లలకు సురక్షితం’ అని డబ్బా మీద రాసి ఉంటే నమ్మాను. మీరు నమ్మకండి.

లితోగ్రఫీ అనే ఈ ముద్రణ పద్ధతి అంతా నూనెకీ నీళ్లకీ పడకపోవడం మీదే నడుస్తుంది. 1790ల్లో జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన రాయి మీద పట్టుకున్న కిటుకు అదే. జిడ్డుతో గీసిన చోట ఇంకు అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. రాయికి నైట్రిక్ యాసిడ్, టర్పెంటైన్ వాడేవాళ్లు. ఫ్రాన్స్ కళాకారిణి ఎమిలీ ఐజియే పద్ధతిలో వాటి బదులు అల్యూమినియం ఫాయిల్, కోలా, వంటనూనె చాలు. కోలాలోని ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనే పని జరిగిపోతుంది.

మరి నాకొచ్చిన కిట్‌లో ఇంకు నీళ్ల ఇంకు! తడి స్పాంజితో తుడిచి రోలర్ తిప్పగానే గీతలు, ఖాళీలు అన్నీ కలిసి ఫాయిల్ మొత్తం నల్లగా అలుక్కుపోయింది. నాలుగు షీట్లు పాడయ్యాక అనుమానమొచ్చి గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి కలిపితే ఇట్టే కరిగిపోయింది. నూనె ఇంకైతే జిడ్డు ముద్దగానే ఉండిపోవాలి.

అసలు భయపెట్టింది చిన్న సీసా. పేరు లేదు, కోలా బదులు వాడమన్నారు. మూత తీయగానే ముక్కు మండింది. ఫాయిల్ మీద పోస్తే బుసబుస పొంగి, నిమిషంలో సూది మొనంత చిల్లులు పడ్డాయి. కోలా ఎప్పుడూ అలా చెయ్యదు. ఆ రోజు పిల్లలు రాకముందే నేను ఒక్కదాన్నే చేసి చూడటం మంచిదైంది.

అమ్మినాయన ‘సరిగ్గా వాడలేదు మేడమ్’ అని ఫోన్ పెట్టేశాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను.

కిట్ అక్కర్లేదు. మందం ఫాయిల్, కోలా, జిడ్డుగా గీయడానికి బట్టల సబ్బు ముక్క, కిరాణా కొట్లో దొరికే తుమ్మబంక తెచ్చుకోండి. ఇంకు నేను మా దగ్గరి ఆఫ్‌సెట్ ప్రెస్‌లో చిన్న డబ్బాలో అడిగి తెచ్చుకున్నా, అది నూనె ఇంకే. చేతులకు, రోలర్‌కు అంటింది వంటనూనెతో తుడిస్తే పోతుంది, కిరోసిన్ అక్కర్లేదు.

ఇప్పటికే కిట్ కొన్నవాళ్లు ఆ సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి, సింకులో పొయ్యకండి.