బరువు తగ్గిస్తామనే ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విజయవాడ బందరు రోడ్డు పరిసరాల్లోని ఒక బరువు తగ్గించే కేంద్రానికి మా అక్క 18,000 రూపాయలు కట్టింది. పది రోజుల్లో ఐదు కిలోలు, వ్యాయామం అక్కర్లేదు, తగ్గకపోతే సొమ్ము వాపసు అని వాళ్లు చెప్పారు. అలాంటి మాట మీ చెవిన పడితే జాగ్రత్తపడతారని జరిగింది రాస్తున్నాను.

మొదట తూకం సంగతి. చేరిన రోజు సాయంత్రం, టిఫిను తిని వెళ్లిన మనిషిని చెప్పులతో సహా తూచారు. ఆ తర్వాత ప్రతిసారీ పొద్దున్నే పరగడుపున రమ్మన్నారు. ఉదయానికీ సాయంత్రానికీ కిలో అటూఇటూ తేడా ఎవరికైనా ఉంటుంది. పైగా అన్నం పూర్తిగా మాన్పించారు. మన కాలేయం, కండరాలు దాచుకునే పిండిపదార్థపు నిల్వ, అంటే గ్లైకోజెన్, గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఆపగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, దానితోపాటు నీరూ పోతుంది. మొదటి వారం ముల్లు అంతగా దిగడానికి ముఖ్య కారణం ఇదే. నడుముకు చుట్టే వేడి బెల్టుతో పోయేది కూడా చెమటే. కాగితం మీద మూడున్నర కిలోలు తగ్గినట్టు రాశారు గానీ, అక్క జాకెట్లు మాత్రం అదే బిగువు.

డబ్బు పోవడం ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఒక ఎత్తు. అక్కకు షుగరు ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. ఫారంలో ఆ విషయం రాసినా అడిగినవారు లేరు. పొద్దున ఒక పొడి, రాత్రి ఒక పొడి, మధ్యలో దోసకాయ ముక్కలు. ఈ మాత్ర మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. తిండి తగ్గించి మోతాదు అలాగే ఉంచితే చక్కెర పడిపోతుంది. ఒక మధ్యాహ్నం ఆమె చెమటలు పట్టి, చేతులు వణికి వంటగదిలో కూలబడింది. పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరుగారు మొదట అడిగింది ఆ పొడిలో ఏముందని. డబ్బా మీద ఆకుల బొమ్మ, ‘నూరు శాతం సహజం’ అన్న మాట తప్ప పదార్థాల జాబితా లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీదారు చిరునామా లేదు. తినే వస్తువు మీద ఉండాల్సిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరూ లేదు. ఆకలి చంపే సిబుట్రమిన్ అనే మందును గుండెపోటు, పక్షవాతం ముప్పు కారణంగా మన దేశంలో 2011లో నిషేధించారు. అయినా మూలికల పేరుతో అమ్మే బరువు మాత్రల్లో అది వివిధ దేశాల్లో మళ్లీ మళ్లీ బయటపడింది. మా డబ్బాలో అదే ఉందని నేననడం లేదు. ఏముందో తెలుసుకునే దారి లేకుండా అమ్మారు, నా కోపం దాని మీదే.

వాపసు అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు. ఆహార నియమం ఒక్క పూట తప్పినా సొమ్ము రాదట. ప్రాణం నిలబెట్టిన పంచదార నీళ్లు నియమభంగం అయ్యాయి!

స్థూలకాయాన్ని నయం చేసే మందు అంటూ ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. బరువు తగ్గిస్తామనే గోడ రాతలు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఆసుపత్రిలోని ఆహార నిపుణురాలు చెప్పింది ఇంత ఆర్భాటం లేనిది. వారానికి అరకిలో, మహా అయితే కిలో. అంతకన్నా వేగంగా తగ్గితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పూ పెరుగుతుంది. అన్నం మానకుండా కొలత తగ్గించి పప్పు, కూర పెంచమన్నారు. ఆవకాయలో పైకి తేలే నూనె విషయంలో అక్కకు ఇంకా బేరం నడుస్తోంది. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని, అదీ ఎండ ముదరకముందే. షుగరు మాత్ర మోతాదు మాత్రం డాక్టరే మార్చాలి.

జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసుకు రుసుము లేదు. మిగిలిన పొడి డబ్బా తెచ్చిస్తే సగం సొమ్ము ఇస్తామని ఇప్పుడు వాళ్లే ఫోన్లు చేస్తున్నారు. ఇవ్వలేదు. మీకూ అలాంటి ఫోను వస్తే ఇవ్వకండి. రసీదు, వాట్సాప్ సందేశాలతో పాటు డబ్బాను కూడా దాచి ఉంచండి.