ఈగ కంటి వైరింగ్ చూడాలంటే కోడెక్స్: సమీక్ష

పండు ఈగ కంటి వెనక నరాల అల్లికను వెతకడానికి ఈగ మెదడు నరాల పటం గీసే ఫ్లైవైర్ ప్రాజెక్టు వారి కోడెక్స్ అనే వెబ్‌సైట్ ఉచితం, గూగుల్ ఖాతా ఉంటే చాలు. దీనికి ఆధారం ఒకే ఒక ఆడ ఈగ మెదడు: సుమారు 40 నానోమీటర్ల మందాన దాదాపు 7,050 పొరలుగా కోసి, ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసిన చిత్రాలు. ఈ పటం 783వ వెర్షన్‌లో 1,39,255 న్యూరాన్లు (నరకణాలు) ఉన్నాయి.

కదలికను పసిగట్టే టీ4ఏ రకం న్యూరాన్లతో మొదలుపెట్టండి. దానికి సంకేతాలిచ్చే కణాల్లో ఎంఐ1, టీఎం3, ఎంఐ4, ఎంఐ9 అనే రకాలు కనిపించాలి. 5 సినాప్స్‌ల (కణాలు కలిసే సంధుల) కనీస హద్దును గమనించండి, అంతకన్నా తక్కువ ఉన్న జతలు కనిపించవు. టీ4 కొమ్మలు చిన్నవి, కాబట్టి అసలైన జత కూడా ఆ హద్దు కింద మాయం కావచ్చు. ఒక్క కణాన్ని చూసి తేల్చకుండా, అదే రకానివి పదీ ఇరవై పోల్చండి.

అసలు జాగ్రత్త న్యూరోట్రాన్స్‌మిటర్ (కణం నుంచి కణానికి సంకేతం మోసే రసాయనం) అంచనాల దగ్గర. అవి ఆరు రసాయనాలకే పరిమితం, హిస్టమిన్ అందులో లేదు. ఈగ కాంతిగ్రాహకాలు వాడేది హిస్టమినే! అందువల్ల ఆర్7, ఆర్8 అనే కాంతిగ్రాహకాల పక్కన ఏ పేరు కనిపించినా నమ్మకండి. గ్లుటమేట్ అనగానే ఉత్తేజకం అనుకోవద్దు, ఎంఐ9 నుంచి టీ4కి అది నిరోధకం.

పొర మందం 40 నానోమీటర్లు కావడంతో, కోత తలానికి సమాంతరంగా సాగే సన్నని కొమ్మలను కంప్యూటర్ తెగ్గొడుతుంది. అలాంటి చోట అమెరికా పరిశోధన సంస్థ జనీలియా వారి మగ ఈగ దృష్టి భాగం పటం మేలు. దాని చిత్రాల సూక్ష్మత అన్ని దిశల్లో 8 నానోమీటర్లే, న్యూప్రింట్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.