రిట్రాక్టబుల్ లీషా, మామూలు ఆరడుగుల లీషా?

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. రిట్రాక్టబుల్ లీష్ అంటే పిడిలోకి దానంతటదే చుట్టుకునే కుక్క తాడు, బటన్ నొక్కితే ఆగుతుంది, 5 మీటర్ల దాకా సాగుతుంది, కుక్క వాసనలు చూసుకుంటూ హాయిగా తిరుగుతుంది, ఖాళీ గ్రౌండ్‌లో అయితే బాగానే ఉంటుంది. కానీ లోపల స్ప్రింగ్ ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది కాబట్టి లాగితేనే ముందుకెళ్తాం అని కుక్క నేర్చేసుకుంటుంది, ట్రైనింగ్‌కి అదే పెద్ద దెబ్బ. పైగా మన వీధుల్లో మలుపు తిరగ్గానే వీధికుక్కల గుంపు ఎదురొస్తుంది, బైకులొస్తాయి, అంత దూరంలో ఉన్నదాన్ని వెంటనే దగ్గరికి తెచ్చుకోలేం. సన్నటి తాడుని చేత్తో పట్టుకున్నారో చర్మం కోసుకుపోద్ది, మా లాబ్రడార్ కుక్కతో నాకు అయింది, వారం రోజులు కుడిచేత్తో అన్నం తినలేకపోయా.

మామూలు నైలాన్ లీష్ 6 అడుగులు, అంటే దాదాపు 1.8 మీటర్లు, చవక, గట్టిది, చేతికి పట్టు దొరుకుతుంది. లాగితే ఆగిపోండి, వదులవ్వగానే నడవండి, పక్కన నడిచినప్పుడల్లా చిన్న ట్రీట్ పెట్టండి. నేనైతే రోడ్డు మీద ఇదే వాడతా. పిలిస్తే రావడం నేర్పాలంటే మాత్రం 10 మీటర్ల లాంగ్ లైన్ (ట్రైనింగ్‌కి వాడే పొడవాటి తాడు) తీసుకోండి, దాన్ని కాలర్‌కి కాకుండా హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ వేసే పట్టీకే) తగిలించండి, పరిగెత్తి ఒక్కసారిగా ఆగితే మెడకి దెబ్బ తగులుద్ది.