ఒహాయోలో చిన్న కంపెనీ కారు ఇన్సూరెన్స్: డీర్ గుద్దాక తెలిసిన సంగతులు

కొలంబస్ చుట్టుపక్కల మనవాళ్ళని కారు ఇన్సూరెన్స్ గురించి అడిగితే ప్రతి ఒక్కరూ "మాది చీప్" అనే చెప్తారు. క్లెయిమ్ పడ్డప్పుడు ఏం జరిగిందో చెప్పేవాళ్ళు మాత్రం దొరకరు. అందుకే ఇది రాస్తున్నాను. లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కవర్) ఎంత పెట్టుకోవాలి, డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టే మొత్తం) ఎంత ఉండాలి లాంటివి ఇందులో ఉండవు. మా ఇన్సూరెన్స్ ఒహాయో, దాని పక్క రాష్ట్రాల్లో మాత్రమే పాలసీలు అమ్మే ఒక చిన్న కంపెనీది. పేరు రాయను. ఇలాంటివి మిడ్‌వెస్ట్‌లో చాలానే ఉన్నాయి, ఎవరి రాష్ట్రంలో వాళ్ళు వెతుక్కోవాల్సిందే.

అంతకుముందు మాకున్నది ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో ప్రకటనలతో ఊదరగొట్టే పెద్ద కంపెనీ. ఒక్క క్లెయిమ్ కూడా వెయ్యకపోయినా ప్రతి రెన్యూవల్‌కీ రేటు పెంచుతూ పోయింది. విసిగిపోయి కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో ఒక ఇండిపెండెంట్ ఏజెంట్ (ఒక్కదానికే కాకుండా చాలా కంపెనీల పాలసీలు అమ్మేవాడు) దగ్గరికెళ్తే ఆయన ఈ చిన్న కంపెనీ కోట్ ముందు పెట్టాడు. ఊరూ పేరూ తెలియని కంపెనీ, రేపు చేతులెత్తేస్తే?

ఆ భయం తీరడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇన్సూరెన్స్ కంపెనీల ఆర్థిక బలానికి మార్కులేసే ఏఎం బెస్ట్ రేటింగ్ 'ఏ' ఉంది. కంపెనీ దివాలా తీసినా ఒహాయోలో అలాంటి క్లెయిములు తీర్చడానికే ఉన్న గ్యారంటీ అసోసియేషన్ ఒక్కో క్లెయిమ్‌కి 3 లక్షల డాలర్ల దాకా చూసుకుంటుంది. తికమక పెట్టింది ఫిర్యాదుల లెక్క. ఎన్ఏఐసీ (రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం) వాళ్ళు ప్రతి కంపెనీకీ ఒక కంప్లయింట్ ఇండెక్స్ ఇస్తారు. 1 అంటే ఆ కంపెనీ సైజుకి తగ్గట్టు ఫిర్యాదులు వస్తున్నాయని, 2 అంటే దానికి రెట్టింపని. మా కంపెనీది ఒక ఏడాది దాదాపు సున్నా, మరుసటి ఏడాది 1 దాటేసింది. చిన్న కంపెనీకి నలుగురు ఎక్కువ ఫిర్యాదు చేసినా అంకె ఎగిరిపోతుంది. కాబట్టి ఒక్క ఏడాది చూసి కంగారు పడక్కర్లేదు, మూడేళ్ళు వరసగా చూడాలి. ఇంకోటి, ఒకే గ్రూపు కింద మూడు నాలుగు కంపెనీలు ఉంటాయి. కోట్ మీద ఏ కంపెనీ పేరుందో ఆ పేరుతోనే వెతకాలి.

ఇన్ని చూశాక కూడా నన్ను ఒప్పించింది ఈ అంకెలు కాదు, ఒక బాడీ షాప్‌లో ఎస్టిమేట్లు రాసే అతను. డెంట్లు కొట్టి రంగులేసే వాళ్ళకి రోజూ అన్ని కంపెనీలతోనూ పనే. "నీ సొంత కారు దేంట్లో పెడతావ్?" అని అడిగితే రెండు పేర్లు చెప్పాడు. రెండూ చిన్నవే, అందులో ఒకటి ఇది. తర్వాత తెలిసింది, అమెరికా అంతటా బాడీ షాపుల వాళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలకి మార్కులేసే క్రాష్ నెట్‌వర్క్ సర్వే ఒకటుందని. నార్త్ కరొలినా ఫార్మ్ బ్యూరోలా ఒకే రాష్ట్రానికి పరిమితమైన కంపెనీలు అందులో పైవరసలో కనిపిస్తాయి. టీవీల్లో మోగిపోయే పేర్లు చాలావరకు కిందనే ఉంటాయి.

ఇక అసలు కథ. నవంబర్. ఒహాయోలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జింకలు జత కోసం పిచ్చెక్కినట్టు తిరుగుతాయి, సాయంత్రం పొద్దువాలేసరికి రోడ్డు వాటిదే. మేరీస్‌విల్ నుంచి యూఎస్-33 మీద ఇంటికొస్తున్నాను, పక్కన మా ఆవిడ. ఎడమవైపు గడ్డిలోంచి ఒక జింక ఒక్క ఉదుటున దూకింది. స్టీరింగ్ తిప్పకుండా బ్రేక్ మీద నిలబడ్డాను. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, మాకేం కాలేదు. మా టయోటా సియెన్నా వ్యాన్ ముందు భాగం మాత్రం ఎడమవైపు మొత్తం పోయింది. హెడ్‌లైట్, బంపర్, గ్రిల్ పోయాయి, హుడ్ మడతపడింది. "తిప్పి ఉంటే పక్క రెయిలింగ్‌కి గుద్దేవాళ్ళమండీ" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఇన్సూరెన్స్ లెక్కలో కూడా అది పెద్ద తేడానే. డీర్‌ని గుద్దితే కాంప్రిహెన్సివ్ (జంతువులు, దొంగతనం, గాలివాన లాంటివాటికి ఉండే కవర్) కింద వస్తుంది, తప్పు మన మీద రాదు. డీర్‌ని తప్పించబోయి రెయిలింగ్‌ని గుద్దితే అది కొలిజన్, అంటే కారు దేన్నైనా ఢీకొంటే వచ్చే కవర్. మా పాలసీలో మొదటిదానికి డిడక్టబుల్ 250 డాలర్లు, రెండోదానికి 1000.

రాత్రి కంపెనీ నంబర్‌కి చేస్తే ఒకామె వివరాలు రాసుకుని పెట్టేసింది. ఆ పాటి ఎవరైనా చేస్తారు. పొద్దున్న ఎనిమిది దాటగానే ఫోన్ మోగింది. "నేను మీ అడ్జస్టర్ని, ఇది నా సెల్ నంబర్, దీనికే చెయ్యండి." అడ్జస్టర్ అంటే నష్టం చూసి కంపెనీ తరఫున ఎంతివ్వాలో తేల్చే మనిషి. ఉండేది కొలంబస్ పక్కనే, డెలావేర్ కౌంటీలోనట. గుద్దిన చోటు చెప్పేసరికి "ఆ చెట్ల దగ్గరేనా, అక్కడ ప్రతి ఏడాదీ ఒకటి పడుతుంది" అన్నాడు. పెద్ద కంపెనీ దగ్గర ఉన్నప్పుడు నేను మాట్లాడినవాళ్ళెవరూ ఏ రాష్ట్రంలో కూర్చున్నారో కూడా తెలిసేది కాదు.

మర్నాడు బాడీ షాప్‌కి తనే వచ్చాడు, నేనూ వెళ్ళాను. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్‌తో బంపర్ లోపల వెతికాడు. విరిగిన గ్రిల్ సందులోంచి బూడిదరంగు వెంట్రుకలు నాలుగు లాగి వేళ్ళ మధ్య నలిపి చూపించాడు. "ఇంక అనుమానం లేదు, కాంప్రిహెన్సివే" అని అక్కడే రాసేశాడు. పోలీస్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగుదాం అనలేదు.

తర్వాత పార్టుల గొడవ. ఇది తెలియక మనవాళ్ళు చాలామంది నష్టపోతారు. ఈ మధ్య టయోటాల్లో ముందున్న బండ్లని పసిగట్టే రాడార్ ఎక్కడో లోపల కాదు, సరిగ్గా ఆ టయోటా గుర్తు వెనకే ఉంటుంది. ఆ గుర్తు స్థానంలో బయటి కంపెనీ చవకరకం బిగిస్తే రాడార్ సరిగ్గా చూడదు, క్యాలిబ్రేషన్ (దాని గురి సరిచెయ్యడం) కూడా సరిగ్గా కూర్చోదు. షాపతను అదే చెప్పబోతుంటే అడ్జస్టరే అందుకుని "గుర్తు, గ్రిల్, బంపర్ కవర్, బ్రాకెట్లు టయోటావే రాయి. కింద నల్ల ప్లాస్టిక్ మాత్రం బయటిది చాలు" అన్నాడు. ఒహాయో చట్టం ప్రకారం తయారీదారువి కాని పార్టులు ఏవేవో ఎస్టిమేట్‌లో రాసి మనకి చూపించాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు చదివితే కంపెనీ గుణం తెలిసిపోతుంది. మా కాగితంలో ఒక్క లైనే ఉంది.

హుడ్ విప్పాక ఇంకో దెబ్బ బయటపడింది. ఏసీ కండెన్సర్ వంగింది, దాన్ని పట్టుకునే సపోర్ట్ కూడా. ఇలాంటివాటికి షాపువాళ్ళు సప్లిమెంట్, అంటే మొదటి ఎస్టిమేట్ మీద అదనపు డబ్బు, అడగాలి. పెద్ద కంపెనీలైతే ఫోటోలు అప్‌లోడ్ చేయించుకుని క్యూలో పడేస్తాయి. వారం, పదిరోజులు కారు విప్పేసి అలాగే పడుంటుందని షాపతనే చెప్పాడు. ఈయన ఆ మధ్యాహ్నమే వచ్చి, వంగిన చోట వేలితో తడిమి, అక్కడే ట్యాబ్‌లో కొట్టేసి వెళ్ళిపోయాడు. డీలర్ దగ్గర రాడార్, కెమెరా క్యాలిబ్రేషన్ బిల్లు విడిగా వస్తే దానికీ అడ్డు చెప్పలేదు. పైవాళ్ళని అడగాలి అన్న మాట ఆ మనిషి నోట ఒక్కసారీ రాలేదు. నాకు నచ్చింది అదే. చెక్కు రాసే అధికారం ఉన్న మనిషి కారు దగ్గరికి నడిచొచ్చాడు. ఆ ఉత్సాహంలో ఆఫీసులో కనపడ్డ ప్రతివాడికీ ఈ కంపెనీ గురించి చెప్పాను, ఇద్దరు ముగ్గురు మారారు కూడా.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

మొదటిది రెంటల్, అంటే కారు షాపులో ఉన్నన్నాళ్ళూ కంపెనీ ఇచ్చే అద్దె కారు. మా పాలసీలో రోజుకి 30 డాలర్లు, 30 రోజులు. ఆ డబ్బుకి దొరికింది చిన్న సెడాన్. అప్పుడే గుంటూరు నుంచి మా అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు, పిల్లలకి రెండు కార్ సీట్లు. అందరం ఒక్కసారి గుడికి వెళ్ళలేని పరిస్థితి. పైగా ఎడమ హెడ్‌లైట్ బ్యాక్‌ఆర్డర్‌లో పడి ముప్పై రోజులూ దాటిపోయాయి. మిగతాది మా జేబులోంచే. అడ్జస్టర్ పాపం మర్యాదగానే "పాలసీలో ఎంత రాసుంటే అంతే" అన్నాడు. న్యాయమే, కాదనను.

రెండోది గాజు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తూ ఐ-70 మీద వీలింగ్ దగ్గర ట్రక్కు నుంచి రాయి ఎగిరి విండ్‌షీల్డ్ పగిలింది. శనివారం కంపెనీ నంబర్‌కి చేస్తే మెషిన్ నేరుగా గాజు పనులు చూసే బయటి కాల్‌సెంటర్‌కి కలిపింది. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు గాజు క్లెయిములు ఇలాగే బయటివాళ్ళకి ఇచ్చేస్తాయి. ఫోన్లో ఉన్న అమ్మాయికి విండ్‌షీల్డ్ మారిస్తే కెమెరా క్యాలిబ్రేట్ చెయ్యాలని నేను చెప్పాల్సి వచ్చింది. మాకు నచ్చిన షాప్‌కి ఒప్పించడానికి ఇంకో రెండు ఫోన్లు. నేను పొగిడిన ఆ మనిషితనం గాజు దగ్గరికొచ్చేసరికి లేదు, ఒహాయో దాటితే అస్సలు లేదు.

ధర సంగతి కూడా చెప్పాలి. 2023లో దేశమంతటా కారు ఇన్సూరెన్స్ 20 శాతం పెరిగింది. చిన్నదీ పెద్దదీ అని లేదు, మాదీ ఎక్కింది. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టుకున్న ఇలాంటి కంపెనీకి ఒక్క గాలివాన చాలు. 2024 మార్చిలో ఒహాయోలోని ఇండియన్ లేక్ మీద టోర్నడో పడ్డ వారాల్లో ఏ క్లెయిమ్‌కీ ఎవరూ త్వరగా తిరిగి ఫోన్ చెయ్యలేదని మా ఏజెంటే ఒప్పుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద విషయం, ఆ పెద్దాయన రిటైరయ్యాడు. పోయినేడాది కాస్ట్‌కో పార్కింగ్‌లో ఎవరో తలుపు గీరేసి పోతే క్లెయిమ్ వేశాను. కొత్తగా వచ్చిన కుర్రాడు మర్యాదస్థుడే, కానీ మొదటి మాటే "యాప్‌లో ఆరు ఫోటోలు పెట్టండి సార్". ఫోటోలు చూసి రాసిన ఎస్టిమేట్ తక్కువొచ్చింది. షాప్ అడిగాక పెంచారు, అక్కడిదాకా బాగానే ఉంది. మనిషి మాత్రం రాలేదు. చిన్న గీత కాబట్టి రాలేదా, ఇక ముందు ఇంతేనా? ఇంకో పెద్ద దెబ్బ తగిలితే తప్ప తెలీదు, అది తగలాలని కోరుకోను. మీరు కొనే ముందు మాత్రం ఏజెంట్ని సూటిగా అడగండి: మా కౌంటీకి అడ్జస్టర్ ఎవరు, కారు దగ్గరికొస్తారా, ఫోటోలేనా, ఎంతవరకు అక్కడికక్కడే రాయగలరు? తడుముకుంటే ఆ కోట్ పక్కన పెట్టండి.

ఒహాయోలో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని స్కూల్లో వేసి, పదేళ్ళు కదలం అనుకునేవాళ్ళకి ఇప్పటికీ ఇదే చెప్తాను. హెచ్-1బీ మీద ప్రాజెక్ట్ ఎటు లాక్కెళ్తే అటు వెళ్ళేవాళ్ళకి చెప్పను. రాష్ట్రం మారితే ఇలాంటి కంపెనీ పాలసీ వెంట రాదు, ఇన్నేళ్ళ కస్టమర్ అని ఇచ్చే డిస్కౌంట్ కూడా ఇక్కడే ఉండిపోతుంది. మా సంగతే చూడండి, మా ఆవిడ ఆఫీసు వాళ్ళు డాలస్ అంటున్నారు, ఈ కంపెనీకి టెక్సస్‌లో లైసెన్సే లేదు. మా రెన్యూవల్ ఫిబ్రవరిలో. అప్పటికి డాలస్ సంగతి తేలకపోతే ఇంకో ఆర్నెల్లు ఇక్కడే ఉంచుతాం, రెంటల్ మాత్రం రోజుకి 60కి పెంచి.