"జర్క్‌బైట్ స్పెషల్" కాంబోలతో జాగ్రత్త: డబ్బు కట్టే ముందు లైన్ డబ్బా వెనకవైపు చదవండి

డల్లాస్ చుట్టుపక్కల ఉంటూ, ఈ చలికాలం బాస్ చేపల కోసం జర్క్‌బైట్ (చిన్న చేపలా ఉండే గట్టి ఎర) వేట మొదలుపెడదాం అనుకుంటున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. రాడ్ (గాలపు కర్ర), రీల్ (దారం చుట్టే చక్రం), లైన్ (దారం) మూడూ కలిపి "జర్క్‌బైట్ స్పెషల్" అని ఆన్‌లైన్‌లో 140 డాలర్లకు అమ్ముతున్న సెట్ ఒకటి నేను కొన్నాను. ఆ మూడింటిలో ఒక్కటి కూడా జర్క్‌బైట్‌కు పనికొచ్చేది కాదు. కొనేముందే అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టి, లైన్ వంద శాతం ఫ్లోరోకార్బనేనా, అంటే నైలాన్ కంటే బరువైన, నీళ్లు పీల్చని ప్లాస్టిక్‌తో చేసిందేనా అని అడిగాను. అవును, ప్యూర్ ఫ్లోరో అని జవాబు ఇచ్చారు. తీరా వచ్చిన స్పూల్ మీద ముందువైపు "ఫ్లోరోకార్బన్" అని పెద్ద అక్షరాలు, వెనకవైపు కళ్లు చికిలించి చూస్తే గానీ కనిపించని సైజులో "ఫ్లోరోకార్బన్ కోటెడ్" అని ఉంది. అంటే లోపలున్నదంతా మామూలు నైలాన్. పైన పూత మాత్రమే ఫ్లోరో.

లైన్ ఏదైతేనేం, చేప పడితే చాలు కదా అని కొందరు అనుకోవచ్చు. వేరే ఎరలకైతే ఆ మాట కొంతవరకు చెల్లుతుంది, దీనికి చెల్లదు. జర్క్‌బైట్ అంటే సన్నగా, పొడవుగా, చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ప్లాస్టిక్ ఎర. మెగాబాస్ విజన్ 110, రపాలా ఎక్స్-రాప్, స్మిత్‌విక్ రోగ్, లక్కీ క్రాఫ్ట్ పాయింటర్ ఈ జాతివే. వీటిలో చాలావాటిని పైకి తేలకుండా, కిందికి మునగకుండా, ఆపిన చోటే నీటిలో నిలబడేలా తయారుచేస్తారు. రాడ్ కొనను నీటి వైపు దించి, లైన్‌లో కాస్త వదులు ఉంచి, టక్ టక్‌మని రెండు మూడు సార్లు గుంజి ఆపాలి. ఎర అటూ ఇటూ దూకి ఆగిపోతుంది. ఎక్కువసార్లు బాస్ వచ్చి కొట్టేది అది ఆగి ఉన్నప్పుడే. నీరు 45 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండే రోజుల్లో ఆ ఆపడం పది సెకన్లు, ఒక్కోసారి ఇరవై సెకన్లు కూడా ఉండాలి. చల్లటి నీళ్లలో బాస్ దూరం నుంచి పరుగెత్తుకుని రాదు. ఎర దాని లోతుకు వెళ్లాలి, అక్కడే కదలకుండా నిలబడాలి.

లైన్ సంగతి ఇక్కడే వస్తుంది. 1971లో జపాన్ కంపెనీ కురేహా సీగార్ పేరుతో తెచ్చిన ఫ్లోరోకార్బన్ లైన్ సాంద్రత దాదాపు 1.78 (నీటిది 1). నైలాన్ సాంద్రత 1.14 దగ్గర. ఫ్లోరో తన బరువుతో తానే మునిగి, ఎర దిగడానికి సాయపడుతుంది. నైలాన్ నీటి పైపొరల్లోనే వేలాడుతుంది, గాలి ఉన్న రోజు విల్లులా వంగి ఎరను పైకి లాగుతుంది. అయిదారు అడుగులు దిగాల్సిన ఎర మూడు నాలుగు అడుగుల దగ్గరే తిరుగుతుంటే, కింద ఉన్న చేపకు అది వచ్చిన సంగతే తెలియదు. పైగా నైలాన్ నీళ్లు పీల్చుకుంటుంది. తడిసేకొద్దీ బలం తగ్గుతుంది, సాగడం పెరుగుతుంది. ఫ్లోరో అసలు సాగదని ప్రచారం చేస్తారు గానీ అది నిజం కాదు, అదీ సాగుతుంది. అయితే నీళ్లు పీల్చదు కాబట్టి పొద్దున ఎలా ఉందో మధ్యాహ్నం కూడా అలాగే ఉంటుంది. నీళ్లలో తక్కువగా కనిపించడం కూడా నిజమే. నీటి వక్రీభవన గుణకం (కాంతిని వంచే కొలత; నీటికి దగ్గరగా ఉన్నది తక్కువగా కనిపిస్తుంది) 1.33, ఫ్లోరోది 1.42, నైలాన్‌ది 1.53 దాకా ఉంటుంది. మబ్బు లేని రోజు, తేట నీళ్లలో, ఇరవై సెకన్లు ఎరను ఎదురుగా పెట్టుకుని చూసే చేపకు ఆ తేడా చిన్నదేమీ కాదు.

దీన్ని కొనేముందే పట్టుకోవచ్చు. డబ్బా ఫొటో ముందువైపుది ఒక్కటే పెట్టారంటే అనుమానించండి, వెనకవైపు ఫొటో అడగండి. "100 శాతం ఫ్లోరోకార్బన్" అని డబ్బా మీద అచ్చయి ఉండాలి. "కోటెడ్", "హైబ్రిడ్" అని ఉంటే అది వేరే సరుకు. తర్వాత మందం చూడండి. 10 పౌండ్ల బరువు తట్టుకునే అసలు ఫ్లోరో 0.26 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటుగా ఉంటుంది. నాకు వచ్చిన దాని మీద 10 పౌండ్లని ఉంది గానీ, మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే 0.32 దాటింది. లైన్ మందమయ్యేకొద్దీ నీళ్లలో రాపిడి పెరిగి ఎర ఇంకా తక్కువ లోతుకే దిగుతుంది. ఫొటోలో మందం ఎక్కడా రాసి లేకపోతే ఆ లైన్ కొనకండి, ఎంత చవకైనా సరే.

రాడ్ సంగతి ఇంకొంచెం చిక్కు. దాని మీద "జర్క్‌బైట్" అని స్టిక్కర్ ఉంది. కానీ పిడికి పైన కంపెనీ అచ్చువేసిన అక్షరాలు చదివితే 7 అడుగుల 3 అంగుళాలు, హెవీ పవర్ (చాలా బిరుసు), ఎక్స్‌ట్రా ఫాస్ట్ (కొన మాత్రమే వంగేది), లైన్ 12 నుంచి 25 పౌండ్లు అని ఉంది. అది జిగ్‌కో (తల దగ్గర బరువున్న గాలం ఎర), గడ్డి మీద లాగే కప్ప ఎరకో చేసిన రాడ్. రాడ్‌గా అందులో లోపం లేదు. నిజానికి మన చెరువుల్లో కొర్రమీనుకు కప్ప ఎర వేసేవాళ్లకు అలాంటిదే కావాలి. జర్క్‌బైట్‌కు మాత్రం పూర్తిగా తప్పు. విజన్ 110 బరువు అర ఔన్సు. అంత బిరుసు రాడ్ ఆ బరువుకు వంగదు, కాబట్టి విసిరినా దూరం పోదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఈ ఎరలకు ఉండేవి సన్నటి ట్రెబుల్ హుక్కులు, అంటే మూడు ముళ్ల గాలాలు. చేప తల విదిలించినప్పుడు రాడ్ ఒంగి ఆ కుదుపును తీసుకోవాలి. బిరుసు రాడ్ ఒంగదు. గాలం నోటిని చీల్చుకుని ఊడుతుంది, లేదంటే ముల్లు సాగి విప్పుకుంటుంది.

చేప జారిపోవడం ఒక్కటే నా బాధ కాదు. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి వదిలేయాలి, అది రూలు. 1992 జనవరిలో టెక్సస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, దొరికింది ఆ చెరువులోనే. అక్కడ పెద్ద చేపలు ఇంకా దొరుకుతున్నాయంటే ఇలా వదలడం వల్ల కూడా. మనం వదిలే చేప బతకాలి కదా. మూతి చీలిన చేపను నీళ్లలో వదిలి రూలు పాటించామని అనుకోలేను.

పొడవు కూడా తక్కువ విషయం కాదు. రాడ్ కొనను కిందికి పెట్టి గుంజే పని ఇది. పడవ అంచు మీద నిలబడ్డ సగటు ఎత్తు మనిషికి 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల లోపు రాడ్ చాలు. ఒడ్డు మీద నించునేవాళ్లకు పొట్టిదే ఇంకా మేలు. అంతకంటే పొడవైతే కొన ప్రతిసారీ నీటిని కొడుతుంది. వెనక పిడి పొడుగైతే లైఫ్ జాకెట్‌కో, మోచేతికో తగులుతూనే ఉంటుంది. గంటసేపు ఆడించాక మణికట్టే చెబుతుంది, ఆ రాడ్ సరైనదో కాదో.

రీల్‌కు వస్తే, "18+1 బేరింగులు" అనే సంఖ్య చూసి మురిసిపోకండి. బేరింగులు ఎన్ని ఉన్నాయన్నది నాణ్యతకు కొలత కాదు. మంచి కంపెనీల రీళ్లలో అయిదారు బేరింగులతోనే ఏళ్ల తరబడి నడిచేవి ఉన్నాయి. నాకు అమ్మిన దాని మీద గేర్ నిష్పత్తి 7.1:1 అని రాసి ఉంది. పరీక్ష తేలిక: స్పూల్ అంచు మీద మార్కర్‌తో చుక్క పెట్టి, హ్యాండిల్‌ను నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పి, చుక్క ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఏడుసార్లు తిరగాల్సింది అయిదుంపావు దగ్గర ఆగిపోయింది. గుంజిన ప్రతిసారీ మిగిలే వదులు లైన్‌ను వెంటనే చుట్టుకోవాలి కాబట్టి జర్క్‌బైట్‌కు 6.3 నుంచి 7 చిల్లర వరకు ఉన్న రీల్ బాగుంటుంది. ఇక డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు లైన్‌ను జారనిచ్చే బిగింపు) నత్తినత్తిగా పట్టి వదులుతోంది. పడవ పక్కకు వచ్చిన చేప ఒక్కసారి కిందికి దూకినప్పుడు డ్రాగ్ మెత్తగా జారకపోతే తెగేది లైనే. లైన్‌తో పాటు పాతిక డాలర్ల ఎర కూడా పోతుంది.

ఉచితం అంటూ రెండు జర్క్‌బైట్లు కూడా పెట్టారు. చూడ్డానికి పేరున్న కంపెనీవాటికి అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, డబ్బా మీద మాత్రం పేరు లేదు. తొట్టిలో వేస్తే ఒకటి వెల్లకిలా తేలింది, ఇంకొకటి తోక కిందికి పెట్టి మునిగింది. నీటి వేడిని బట్టి ఏ ఎరైనా కాస్త అటూ ఇటూ అవుతుంది. చల్లటి నీటి సాంద్రత ఎక్కువ కాబట్టి పైకి లేస్తుంది, వెచ్చటి నీటిలో దిగుతుంది. అది మామూలే. ఇవి మాత్రం ఏ నీళ్లలోనూ నిలబడేవి కావు. నకిలీ ఎరల గాలాలు కూడా నమ్మదగ్గవి కావు. ఉచితమే కదా అని కట్టుకుని వెళ్లకండి.

సెట్‌గా కాకుండా విడివిడిగా కొనమనే నా సలహా. రాడ్ మీడియం పవర్, ఫాస్ట్ లేదా మోడరేట్ ఫాస్ట్, ఎర బరువు పావు ఔన్సు నుంచి 5/8 ఔన్సు దాకా రాసి ఉన్నది. డబ్బు తక్కువుంటే రీల్ దగ్గర తగ్గించుకోండి, లైన్ దగ్గర వద్దు. లైన్ 8 నుంచి 12 పౌండ్ల అసలు ఫ్లోరో. మొదటిసారి కొనేవాళ్లు 10 తీసుకోండి. ముడి బిగించే ముందు ఉమ్మితోనో నీళ్లతోనో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి ఫ్లోరో అక్కడే చచ్చుబడుతుంది. బెయిట్‌కాస్టర్ (బొటనవేలితో స్పూల్‌ను అదుపు చేసే రీల్) అలవాటు లేనివాళ్లు, గాలి ఎక్కువగా ఉండే చెరువులకు వెళ్లేవాళ్లు స్పిన్నింగ్ రీల్ మీద 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) చుట్టి, చివర 8 లేదా 10 పౌండ్ల ఫ్లోరో లీడర్ (ఎర దగ్గర కట్టే చిన్న ముక్క) కట్టుకోవచ్చు. బొటనవేలికి అంత పని ఉండదు, చిక్కులూ తక్కువ. బ్రెయిడ్ ఒక్కటే నేరుగా ఎరకు కట్టొద్దు. అది తేలుతుంది, మెత్తగా ఉండి ముందు గాలానికి చుట్టుకుంటుంది.

వాపసు అడిగితే మొదట 20 డాలర్లు ఇస్తాం, సరుకు మీరే ఉంచుకోండి అన్నారు. ఒప్పుకోకండి. ఆ డబ్బు తీసుకుంటే గొడవ ముగిసిందని వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది. నేను క్రెడిట్ కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. "ప్యూర్ ఫ్లోరో" అన్న మెసేజ్, డబ్బా వెనకవైపు ఫొటో, రాడ్ మీది అక్షరాల ఫొటో జత చేశాను. పూర్తి డబ్బు వెనక్కి వచ్చింది. డెబిట్ కార్డుతో కొనుంటే ఇంత తేలిగ్గా అయ్యేది కాదు. చెప్పిన సరుకు రాకపోతే, ఆ ఖర్చు కనిపించిన మొదటి బిల్లు పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఇప్పటికే ఇలాంటి సెట్ కొని మూలన పెట్టినవాళ్లు ఈ రోజే బిల్లు తేదీ చూసుకోండి.