కాంగ్ పప్పీ రబ్బరు బొమ్మ: ఖాళీగా పడేస్తే దండగ, నింపి ఇస్తే చెప్పులు మిగులుతాయి

కుక్కపిల్లకు చెప్పులు, సోఫా అంచు, ఛార్జర్ వైరు అన్నీ ఒకటే. మూడున్నర నెలల వయసు నుంచి ఆరేడు నెలల దాకా 28 పాలపళ్ళు ఊడి 42 పళ్ళు వస్తాయి. చిగుళ్ళ సలపరానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. కాంగ్ అనే కంపెనీ కుక్కపిల్లల కోసం చేసే ఈ రబ్బరు బొమ్మ ఆ కొరుకుడును మాన్పించదు, వేరే వస్తువు మీదికి మళ్ళిస్తుంది. అంతవరకే ఆశిస్తే కొన్నందుకు బాధపడరు.

మూడు రబ్బరు గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, లోపల బోలు. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో, కాంగ్ కంపెనీ పెట్టిన జో మార్క్‌హామ్ పెంచుకున్న జర్మన్ షెపర్డ్ రాళ్ళు కొరికి పళ్ళు పాడుచేసుకునేదట. వ్యాన్ సస్పెన్షన్‌లోని (కుదుపులు తగ్గించే భాగంలోని) రబ్బరు ముక్క దానికి తెగ నచ్చింది. ఆ ఆకారమే ఈ బొమ్మకు మూలం. పప్పీ రకం గులాబీ, నీలం రంగుల్లో వస్తుంది. పెద్ద కుక్కల కోసం చేసే ఎర్రదాని కంటే రబ్బరు మెత్తన కాబట్టి పాలపళ్ళకు హాయి.

సైజు బరువును బట్టి చూసుకోవాలి. చిన్నది 9 కిలోల లోపు కుక్కపిల్లలకు, మధ్యస్థం 7 నుంచి 16, పెద్దది 13 నుంచి 30. రెండింటి మధ్య ఉంటే పెద్దదే తీసుకోండి. నోట్లో పూర్తిగా పట్టి వెనక పళ్ళ దాకా వెళ్ళే బొమ్మ గొంతుకు అడ్డుపడుతుంది. లాబ్రడార్ పిల్లకైతే పెరిగేలోపు రెండు సైజులు కొనాల్సి వస్తుంది, ఆ ఖర్చుకు ముందే సిద్ధపడాలి.

చాలామంది బొమ్మను ఖాళీగా నేల మీద పడేసి, రెండో రోజుకే ‘మా వాడికి నచ్చలేదు’ అంటారు. ఖాళీ రబ్బరు ఎవరికి నచ్చుతుంది? దాని పస అంతా నింపడంలో ఉంది. మొదట్లో కిబుల్ (కుక్కల కోసం ప్యాకెట్లలో అమ్మే పొడి తిండి) గింజలు వదులుగా వేయండి. దొర్లిస్తే రాలాలి, తేలిగ్గా గెలవాలి. అలవాటయ్యాక కిబుల్‌ను గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, మెదిపి, గట్టి పెరుగు కలిపి కూరండి. పప్పీ చప్పరించి ఖాళీ చేయడం నేర్చాక ఫ్రీజర్ దశ: చిన్న రంధ్రంలోంచి ఒక స్ట్రా నిలువునా దూర్చి, చుట్టూ మిశ్రమం నింపి, గ్లాసులో నిలబెట్టి రాత్రంతా గడ్డకట్టించండి. ఇచ్చేముందు స్ట్రా లాగేయాలి. గాలి ఆడే దారి లేకపోతే నాకుతున్నప్పుడు లోపల గాలి పీల్చుకుపోయి నాలుక ఇరుక్కునే ప్రమాదం ఉంది. బొమ్మకు రెండు రంధ్రాలు పెట్టిందీ అందుకే. ఒకే రంధ్రం ఉన్న చౌక నమూనాలు వద్దు.

మన వంటింట్లోనే సరుకు ఉంది: ఉప్పు, తాలింపు లేని పెరుగన్నం, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి, మసాలా తగలని చికెన్ పీచు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దగ్గరికి రానీయొద్దు. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) లేదా దాని కోడ్ ఇ967 ఉందేమో చదవండి, అది కుక్కలకు విషం. లోపల పెట్టినంత తిండి ఆ పూట గిన్నెలోంచి తగ్గించాలి, లేదంటే పిల్లకు విరేచనాలు, మీకు తుడుపు పని.

ఇక లోపాలు. ఎండాకాలం గడ్డ త్వరగా కరిగి పెరుగు నేలంతా పూస్తుంది. బాల్కనీలోనో, పాత చాప మీదో ఇవ్వండి. పని అయిన మరుక్షణం తీసేయకపోతే చీమలు బారులు తీరతాయి. మధ్య మడతలో ఇరుక్కున్న పెరుగు మర్నాటికి పులుపు కంపు కొడుతుంది. వేడినీళ్ళలో నానబెట్టి, పాలసీసాలు కడిగే బ్రష్‌తో రుద్దడం రోజూ తప్పని చాకిరీ.

చెప్పుల గూటికి తలుపు, వైర్లకు పైపు వేయకుండా ఏ బొమ్మ కొన్నా వృథా. ‘పాతదే కదా’ అని పాత చెప్పు ఇచ్చారంటే కొత్త జత కూడా దానిదే అయిపోతుంది. నోట్లో ఏదైనా పట్టుకుంటే వెంటపడకండి, పరుగుపందెం అనుకుంటుంది. నింపిన బొమ్మ చూపించి మార్పిడి చేయండి. సాయంత్రం పూట ఉన్నట్టుండి పిచ్చిగా కొరుకుతుంటే చాలాసార్లు అది నిద్ర చాలకే. ఈ వయసులో రోజుకు 18 గంటలు నిద్ర కావాలి.

పెద్ద పళ్ళు వచ్చాక ఈ మెత్తని రబ్బరు గట్టిగా కొరికే జాతులకు ఆగదు, ఎర్రదానికి మారాలి. వారానికోసారి అంచులు లాగి చూడండి. చీలిక కనిపించినా, తునక ఊడినా పారేయడమే. తునక మింగిన కుక్కపిల్ల వాంతులు చేసుకున్నా, తిండి మానేసినా మర్నాటి దాకా ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.