మనిషి ఆలోచన మీద నేను మళ్ళీ మళ్ళీ తీసే మూడు పుస్తకాలు

డబ్బు దగ్గర, పిల్లల దగ్గర, పని దగ్గర మన బుర్ర ఎందుకు తప్పటడుగు వేస్తుంది అనే విషయం మీద పదేళ్ళుగా పుస్తకాలు కొంటున్నాను. చాలావాటిని ఒకసారి చదివి ఎవరికో ఇచ్చేశాను. ఇంట్లో మిగిలినవి, ఏడాదికోసారైనా తీసేవి మూడు. వాటిలో ఒక్కటే కొంటాను అంటే సెండిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్ కలిసి 2013లో తెచ్చిన ‘స్కేర్సిటీ’ (అంటే కొరత) కొనండి. డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’కి దీనికన్నా ఎంతో పేరుంది, దాంట్లో నేర్చుకున్నదీ ఎక్కువే, అయినా నా ఓటు స్కేర్సిటీకే.

కారణం మా మేనత్త. పాతికేళ్ళు మార్కెట్లో కూరగాయలు అమ్మింది. తెల్లవారుజామున వడ్డీకి డబ్బు తీసుకుని సరుకు కొనడం, సాయంత్రం అసలు, వడ్డీ కట్టేయడం, మర్నాడు మళ్ళీ అదే. ‘ఇన్నేళ్ళు అమ్మి ఒక్కరోజు పెట్టుబడి దాచుకోలేకపోయావా అత్తా’ అని ఇంట్లో అందరం అన్నవాళ్ళమే. డిగ్రీ చదివే రోజుల్లో నేను కాగితం మీద లెక్క వేసి మరీ చూపించాను. ‘నీ లెక్క కరెక్టే నాన్నా’ అని ఊరుకుంది.

స్కేర్సిటీలో చెన్నై కోయంబేడు మార్కెట్ గురించి కొన్ని పేజీలున్నాయి, అవి చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అక్కడ చిన్న వ్యాపారి పొద్దున సుమారు వెయ్యి రూపాయల సరుకు కొని 1,100కి అమ్ముతాడు, చాలామంది ఆ వెయ్యిని రోజుకి 5 శాతం వడ్డీకి తెచ్చుకుంటారు, అంటే వచ్చిన వంద లాభంలో సగం వడ్డీకే పోతుంది. రోజూ ఐదు రూపాయలు మిగిల్చి మర్నాడు ఆ మేరకు తక్కువ అప్పు తీసుకుంటే, వడ్డీ కూడా తగ్గుతూ వస్తుంది కాబట్టి దాదాపు యాభై రోజుల్లో అప్పు లేకుండా బయటపడొచ్చు. నేను అత్తకి చూపించిన లెక్క ఇదే! కానీ వాళ్ళు సగటున తొమ్మిదిన్నరేళ్ళుగా అలా అప్పు తెస్తూనే ఉన్నారు.

రచయితలు ఇక్కడ ఆగలేదు, అందుకే ఈ పుస్తకం అంటే ఇష్టం. కొంతమంది వ్యాపారుల అప్పు మొత్తం తీర్చేసి ఏం జరుగుతుందో చూశారు. వాళ్ళు వెంటనే మళ్ళీ అప్పు చేయలేదు, కొన్ని నెలలు బాగానే నడిచింది, తర్వాత ఒక్కొక్కరుగా మళ్ళీ అదే అప్పులో పడ్డారు. తెలివి లేక కాదు, ఒళ్ళు దాచుకుని కాదు. ఒక పెళ్ళి పిలుపో ఇంకేదో అనుకోని ఖర్చో వస్తే తట్టుకోవడానికి చేతిలో వెసులుబాటు లేక. చేతిలో డబ్బు చాలనప్పుడు బుర్రంతా ఈ పూట గండం మీదే ఉంటుంది, రేపటి సంగతి కంటికి ఆనదు, దాన్నే వీళ్ళు సొరంగంలో చూపుతో పోలుస్తారు. పేదవాడు తప్పు చేస్తాడు కాబట్టి పేదవాడు అని మనం తేలిగ్గా అనేస్తాం చూడండి, దాన్ని ఈ పుస్తకం తలకిందులు చేస్తుంది.

దీనికి వాళ్ళు చూపించే ఆధారం కూడా మన పక్క రాష్ట్రానిదే. విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకి కోతకి ముందు ఒకసారి, కోత అయ్యి డబ్బు చేతికొచ్చాక ఒకసారి బుర్రకి పదును పెట్టే పరీక్షలు ఇచ్చారు. అదే మనిషి, అదే ఊరు, అయినా కోతకి ముందు మార్కులు తగ్గాయి. చెరకు రైతు ఇళ్ళలో పెరిగిన ఎవరికైనా బిల్లు రాని నెలల్లో ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. మా నాన్న మామూలుగా పేపర్లో లెక్కల పజిల్ నిమిషంలో చేసే మనిషి, ఫ్యాక్టరీ డబ్బులు ఆగిపోయిన రోజుల్లో గేదెకి మేత వేశాడో లేదో కూడా మర్చిపోయేవాడు. అప్పుడు మేం దాన్ని చిరాకు అనుకున్నాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చెప్పిందే చెప్పడం ఎక్కువ, చివరి భాగం ఆఫీసుల నిర్వహణ మీదకి వెళ్ళి చప్పబడింది, డబ్బు కొరతనీ టైం కొరతనీ ఒకే గాటన కట్టడం నాకు పూర్తిగా మింగుడుపడలేదు, సెలవు దొరకని మేనేజరు బాధా బియ్యం నిండుకున్న ఇంటి బాధా ఒకటి కావు. ఇలాంటి విషయాల మీద ల్యాబుల్లో చేసిన ప్రయోగాలు కొన్ని తర్వాత మళ్ళీ చేసినప్పుడు నిలబడలేదు కూడా. నేను ఈ పుస్తకాన్ని మార్కెట్ కోసం, చెరకు రైతుల కోసం చదువుతాను.

ఇక కానెమన్. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన సైకాలజిస్టు, పుస్తకం 2011లో వచ్చింది, 38 అధ్యాయాలు, లావుపాటి పుస్తకం. ఒక్క వారంలో చదివేద్దామని కూర్చుంటే సగంలో వదిలేస్తారు, రోజుకో అధ్యాయం చాలు. మనలో టక్కున జవాబిచ్చే ఆలోచన ఒకటి, కష్టపడి లెక్క చూసే ఆలోచన ఒకటి ఉంటాయని, మొదటిది చెప్పిందానికి రెండోది చాలాసార్లు తలూపేస్తుందని మొత్తం సారాంశం. ఆయన డాలర్లలో అడిగిన ప్రశ్నని రూపాయల్లో అడుగుతాను: బ్యాటూ బంతీ కలిపి 110, బ్యాట్ బంతికన్నా 100 ఎక్కువ, బంతి ఎంత? నోటికి పది అని వచ్చేస్తుంది, జవాబు ఐదు. మా క్లాసు పిల్లల్ని ఏటా అడుగుతాను, దాదాపు అందరూ పదే అంటారు.

టీచర్లు మాత్రం ఇందులో ఇజ్రాయెల్ వైమానిక దళం కథ తప్పక చదవాలి. అక్కడ శిక్షకుడొకరు, మెచ్చుకుంటే పైలట్ తర్వాతిసారి చెడగొడతాడు, తిడితే బాగా చేస్తాడు అని కానెమన్‌తో వాదించాడట. ‘దండం దశగుణం భవేత్’ అనే మన మాట ఇదేగా. కానెమన్ చెప్పింది ఏమిటంటే, ఎవరైనా అసాధారణంగా బాగా చేసిన రోజు తర్వాత మామూలు స్థాయికి దిగుతారు, అసాధారణంగా చెడ్డగా చేసిన రోజు తర్వాత మామూలు స్థాయికి ఎక్కుతారు, తిట్టినా తిట్టకపోయినా. తిట్టే పనిచేసిందని మనకి అనిపిస్తుంది అంతే. ఇది చదివాక నేను పేపర్లు దిద్ది ఇచ్చే రోజున మాట్లాడే పద్ధతే మారింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు కదా, దానికి సరిపోయే అధ్యాయం కూడా ఉంది. కానెమన్ బృందం ఒక పాఠ్యపుస్తకం రాయడానికి కూర్చుని, రెండేళ్ళలో అవుతుందని అందరూ అంచనా వేశారు. ఇలాంటివి వేరేవాళ్ళకి ఎంతకాలం పట్టిందని తమలోనే ఉన్న అనుభవజ్ఞుణ్ణి అడిగితే, నూటికి నలభై బృందాలు అసలు పూర్తిచేయలేదు, చేసినవాళ్ళకి ఏడు నుంచి పదేళ్ళు పట్టింది అన్నాడు. అది విని కూడా పని ఆపలేదు, చివరికి ఎనిమిదేళ్ళు పట్టింది. తన తప్పు తానే ఇంత వివరంగా రాసుకున్నందుకే ఆయన మీద గౌరవం.

ఒక హెచ్చరిక. ఇందులో నాలుగో అధ్యాయంలో, ఏవో మాటలు చదివితే మనకి తెలియకుండా మన ప్రవర్తన మారిపోతుందని చెప్పే ప్రయోగాలున్నాయి, వాటిని నమ్మకండి. చిన్న చిన్న ప్రయోగాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నానని 2017లో కానెమనే బాహాటంగా ఒప్పుకున్నారు. మిగతా పుస్తకం మీద నా నమ్మకం దానివల్ల పెరిగిందే కానీ తగ్గలేదు.

మూడోది ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో రాసిన ‘పూర్ ఎకనామిక్స్’, 2011. ఉదయ్‌పూర్ పల్లెల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు నూటికి ఆరుగురు, ఊళ్ళోనే శిబిరం పెడితే 17, టీకాకి వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు ఇస్తే 38. తల్లిదండ్రులకి టీకా మీద ద్వేషం లేదు, ఇవాళ కూలి పోతుంది కాబట్టి రేపు వేయిద్దాం అనుకుంటారు, అంతే. హైదరాబాద్ బస్తీల్లో మైక్రోఫైనాన్స్ మీద చేసిన అధ్యయనం కూడా ఇందులో ఉంది, అప్పు వల్ల బతుకులు మారిపోయాయనే ప్రచారాన్నీ సర్వనాశనమైందనే ప్రచారాన్నీ రెంటినీ ఒప్పుకోదు. మన ప్రాంతం వాళ్ళకి ఆ అధ్యాయం ఒక్కటి చదివినా డబ్బులు దండగ కావు.

ముందు స్కేర్సిటీ, తర్వాత పూర్ ఎకనామిక్స్, చివర్లో తీరిగ్గా కానెమన్, ఈ వరసలో చదవండి. మొదటి రెండింట్లో ఇంగ్లీషు సులువు, ఇంటర్ చదివే పిల్లలు కూడా చదవగలరు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కోయంబేడు పేజీలు అత్తకి తెలుగులో చెప్పాను. అంతా విని, ‘ఐదు రూపాయలు పక్కన పెట్టిన రోజులున్నాయి నాన్నా, మీ మావయ్యకి జ్వరం వచ్చిన రోజు అవి తీశాను’ అంది. పాత లెక్క గురించి క్షమించమని అడిగాను.